భాష వస్తే అమెరికా సైన్యంలో దుబాసీ ఉద్యోగమా? మావ్నీ అసలు కథ

[వ్యాఖ్యాత బల్ల మీద ఒక పాత ఇనప తాళం చెవి పెడతారు. అది చివరిదాకా తెర మీద కనిపిస్తూ ఉండాలి.]

నమస్కారం. అమెరికాలో చదువుకుంటున్న మన పిల్లల మధ్య ఒక మాట ఏళ్ళ తరబడి తిరుగుతూనే ఉంది. "వాళ్ళకు కావలసిన భాష వస్తే చాలు, సైన్యంలో దుబాసీగా తీసుకుంటారు, గ్రీన్ కార్డు లేకుండానే పౌరసత్వం చేతిలో పెడతారు." ఇందులో సగం నిజం. నాకు చిరాకు తెప్పించేది ఆ సగమే. మొత్తం అబద్ధమైతే ఒక్క ముక్కలో కొట్టిపారేసి ఊరుకునేవాణ్ని, ఈ వీడియో చేసేవాణ్ని కాదు.

ముందు నిజమైన సగం. మామూలుగా అమెరికా సైన్యంలో చేరాలంటే పౌరసత్వమో, గ్రీన్ కార్డో ఉండాలి. కానీ చట్టంలో ఒక చిన్న కిటికీ ఉంది: ఒక మనిషి చేరిక దేశ ప్రయోజనానికి అత్యవసరమని తేలితే, ఆ రెండూ లేకపోయినా తీసుకోవచ్చు. ఆ కిటికీని ఒక పథకంగా మార్చవచ్చన్న ఆలోచన మార్గరెట్ స్టాక్‌ది. ఆవిడ వలస చట్టాల న్యాయవాది, సైన్యం రిజర్వు దళంలో అధికారి కూడా. 2008 నవంబరులో రక్షణ మంత్రి రాబర్ట్ గేట్స్ అనుమతి ఇచ్చారు. 2009 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లో భర్తీ మొదలైంది. పథకం పొట్టి పేరు మావ్నీ. పొడుగు పేరు పలికేలోపు వీడియో అయిపోతుంది, వదిలేద్దాం.

డాక్టర్లను, నర్సులను కూడా తీసుకున్నారు గాని, మన గొడవ భాషల వారితో. ఎఫ్-1, హెచ్-1బి వంటి వీసాతో కనీసం రెండేళ్ళు చట్టబద్ధంగా ఉండి ఉండాలన్నది అప్పటి షరతు. ఆ రెండేళ్ళలో ఒకేసారి 90 రోజులకు మించి దేశం విడిచి వెళ్ళి ఉండకూడదు. ప్రవేశ పరీక్షలో మామూలు అభ్యర్థికి 31 వస్తే చాలు, వీళ్ళకు 50 రావాల్సి ఉండేది. ఇక భాష. మొదట ప్రకటించిన జాబితాలో ముప్ఫైకి పైగా భాషలున్నాయి: అరబిక్, చైనీస్, హిందీ, తమిళం, నేపాలీ, పష్తో, ఇగ్బో, ఇలా. స్పానిష్ మాత్రం లేదు.

ఎందుకు లేదు? ఇక్కడే ఈ తాళం చెవి పనికొస్తుంది.

[చెవిని చేతిలోకి తీసుకుంటారు.]

వీధిలో ఒక ఇల్లు తాళం వేసి ఉంది, మనం లోపలికి వెళ్ళాలి. దారులు రెండు. మారుతాళం చెవి చేయించుకోవాలి, లేదా ఎవరి జేబులో అసలు చెవి ఉందో వాళ్ళను పిలవాలి. స్పానిష్ ఇంటి చెవులు అమెరికా సైన్యంలో ఇప్పటికే కుప్పలుగా ఉన్నాయి. అందుకే ఆ చెవి ఉన్నవాళ్ళను వేరుగా పిలవాల్సిన అవసరం రాలేదు.

మారుతాళం చెవి చేసే కొలిమి కాలిఫోర్నియాలోని మాంటెరేలో ఉంది. రక్షణ శాఖ భాషా విద్యాలయం అది. స్పానిష్‌కు 36 వారాలు, హిందీ, ఉర్దూలకు 48, అరబిక్, చైనీస్, కొరియన్లకు 64. వారాలంటే తీరిక సమయంలో యాప్‌లో నేర్చుకునే వారాలు కావు, రోజంతా అదే పని. అంత చేసినా సున్నా నుంచి అయిదు దాకా ఉండే కొలమానంలో ఎక్కువ మంది చేరుకునేది రెండు, లేదా దానికి కాస్త పైన. రెండు అంటే దారి చెప్పగలగడం, నిన్న జరిగిన సంగతి వివరించగలగడం. చెవి తిరుగుతుంది గాని, కాస్త అటూ ఇటూ కదిపితేగాని తలుపు తెరుచుకోదు.

ఒక చిన్న ఉదాహరణ. మీరు ఒక పెద్దాయన దగ్గరికి పని మీద వెళ్ళారు. అంతా విని ఆయన "సరే, చూద్దాంలే" అన్నారు. నిఘంటువు పట్టుకుని నేర్చుకున్నవాడు, ఆయన చూస్తానన్నారు కదా అని మర్నాడు మళ్ళీ వెళ్ళి అరుగు మీద కూర్చుంటాడు. మీరు వెళ్ళరు. ఆ "లే" వినగానే పని కాదని మీకు అర్థమైపోయింది. ఆ "లే"ని 64 వారాల్లో నేర్పడం ఎవరి తరమూ కాదు. ఊరి పెద్దతో సైనికుడు మాట్లాడుతున్న చోట ఆ ఒక్క అక్షరం ఎంత ఖరీదైనదో ఊహించుకోండి.

కాబట్టి అసలు చెవి ఉన్నవాణ్ని పిలిచారు. పిలిచి ఏం చేశారు? దుబాసీని చేశారా? లేదు! మన వాళ్ళ మాటలో అబద్ధమైన సగం ఇదే. శత్రువు మాటలు విని అనువదించే నిఘా ఉద్యోగాలకు రహస్య పత్రాలు చూసే అనుమతి కావాలి. ఆ అనుమతి పౌరులకే ఇస్తారు. కొత్తగా చేరిన విదేశీయుడు పౌరుడు కాడు. భాష కోసం తీసుకున్న మనిషికి భాషతో చేసే ముఖ్యమైన ఉద్యోగమే మొదట మూసి ఉందన్నమాట. అలా చేరినవాళ్ళు లారీలు నడిపారు, సరుకుల లెక్కలు చూశారు, యంత్రాలు బాగుచేశారు. నేపాల్ నుంచి విద్యార్థిగా వచ్చిన సరళ్ శ్రేష్ఠ మావ్నీ ద్వారానే చేరారు. ఆయన పని జనరేటర్ల మరమ్మతు. ప్రత్యేక దళాల విభాగంతో అఫ్ఘానిస్థాన్ వెళ్ళివచ్చి, 2012లో అమెరికా సైన్యం మొత్తానికి ఆ ఏటి ఉత్తమ సైనికుడయ్యారు. ఇది పథకం విఫలమైందనడానికి కాదు, ఎలా నడిచిందో చెప్పడానికి. చెవులన్నీ ఒకే గదిలో గుత్తిగా వేలాడదీయకుండా, తలో దళం జేబులో ఒకటి వేశారు. నాకైతే అది తెలివైన పనే అనిపిస్తుంది.

ఇప్పుడు పౌరసత్వం. దయచేసి ఇది జాగ్రత్తగా వినండి. పౌరసత్వం ఇచ్చింది భాషకు కాదు. యుద్ధ కాలంలో గౌరవప్రదంగా పనిచేసిన విదేశీయుడికి గ్రీన్ కార్డు అవసరం లేకుండా పౌరసత్వం ఇవ్వవచ్చని అమెరికా వలస చట్టంలో ముందునుంచీ ఉంది. 2001 సెప్టెంబరు 11 నుంచి ఆ యుద్ధ కాలం లెక్కలోకి వస్తుందని 2002 జులైలో అధ్యక్షుడు బుష్ ఉత్తర్వు ఇచ్చారు. భాష గేటు దాటించింది, పౌరసత్వం తెచ్చింది సేవ. అయిదేళ్ళు గౌరవప్రదంగా పనిచేయకుండా మచ్చతో బయటికి వస్తే ఇచ్చిన పౌరసత్వాన్ని వెనక్కి తీసుకునే వీలు కూడా ఉంది.

ఆ సేవను రుజువు చేసే కాగితం ఎన్-426.

[తెర మీద ఖాళీ ఫారం. అధికారి సంతకం చేసే గడి పెద్దదిగా కనిపించాలి.]

అభ్యర్థి గౌరవప్రదంగా పనిచేస్తున్నాడని సైన్యం తరఫున ఒక అధికారి ఇక్కడ సంతకం పెడతారు. అంతే. 2009 ఆగస్టు నుంచి ఫోర్ట్ జాక్సన్ అనే సైనిక శిక్షణ శిబిరంలో పది వారాల ప్రాథమిక శిక్షణ ముగిసేలోపే ప్రమాణం చేయించే ఏర్పాటు కూడా వచ్చింది. చేరడం, పది వారాలు పరిగెత్తడం, చేయెత్తి ప్రమాణం చేయడం. ఈ వేగమే మన వాళ్ళ చెవుల్లో మోగి, ఆ సగం నిజాన్ని పుట్టించింది.

తర్వాత 2016 వచ్చింది. ఆ సెప్టెంబరు 30న రక్షణ శాఖ కొత్త భద్రతా తనిఖీలు పెట్టింది. మళ్ళీ మన తాళం చెవి దగ్గరికే వద్దాం. చెవి ఉన్నవాళ్ళు రావాలని వీధంతా దండోరా వేశారు. వచ్చాక అడిగిన ప్రశ్న: "ఆ ఇంటి చెవి నీ దగ్గరికి ఎలా వచ్చింది? లోపల నీకు ఎవరున్నారు?" ఉన్నది అమ్మా నాన్నా! విదేశీ సంబంధాలు ఉన్నాయన్నది అభ్యంతరం. ఆ సంబంధాలు లేకపోతే ఆ భాష ఎలా వస్తుంది మహానుభావా?

న్యాయంగా ఇంకోవైపూ చెప్పాలి. భయం ఊరికే పుట్టలేదు. షికాగోలో చదివిన ఒక చైనా విద్యార్థి 2016లో మావ్నీ ద్వారా రిజర్వు దళంలో చేరాడు. చైనా గూఢచారి సంస్థ కోసం పనిచేశాడని 2018లో అరెస్టయ్యాడు, 2022లో దోషిగా తేలాడు, ఎనిమిదేళ్ళ శిక్ష పడింది. తనిఖీ చేయడం తప్పు కాదు. చేస్తూ కూర్చుని ముగించకపోవడమే తప్పు.

ఎందుకంటే ఒప్పందం మీద సంతకం పెట్టి శిక్షణ కోసం ఎదురుచూసే కాలం పొడిగిస్తూ పొడిగిస్తూ మూడేళ్ళ దాకా తీసుకువెళ్ళారు. ఈలోగా విద్యార్థి వీసా ఆగదు కదా. శిక్షణ లేదు కాబట్టి సేవ లేదు, సేవ లేదు కాబట్టి ఎన్-426 మీద సంతకం లేదు, సంతకం లేదు కాబట్టి పౌరసత్వం లేదు.

[గడియారం వైపు చూస్తారు.]

సమయం అయిపోతోంది, మిగిలింది గబగబా. 2017లో అలా చిక్కుకున్న మావ్నీ సైనికులు ఆ సంతకాల మీదే కోర్టుకు వెళ్ళారు, గెలిచారు. 2018లో చాలామందిని బయటికి పంపారన్న వార్తలు రావడంతో సైన్యం ఆ తొలగింపులను ఆపింది. ఇలా వచ్చి పౌరులైనవారిని మిగతా పౌరుల కంటే వేరుగా, అదేపనిగా తనిఖీ చేయడం వివక్ష అని 2019లో సియాటిల్ న్యాయమూర్తి తేల్చారు. 180 రోజులు పనిచేశాకే సంతకం అన్న నిబంధనను 2020లో మరో కోర్టు కొట్టేసింది.

ఇదేమీ కొత్త వింత కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో హిట్లర్ నుంచి పారిపోయి వచ్చిన జర్మన్ యూదులను మేరీల్యాండ్‌లోని క్యాంప్ రిచీలో తయారుచేసి, జర్మన్ ఖైదీలను ప్రశ్నించడానికి పంపారు. 1950 నాటి లాడ్జ్ చట్టం తూర్పు యూరప్ నుంచి వచ్చినవారికి అయిదేళ్ళ సేవకు పౌరసత్వ దారి చూపింది. వారిలో కొందరు ప్రత్యేక దళాల్లో చేరారు. ఫ్రాన్స్ విదేశీ దళం సంగతి పూర్తిగా తలకిందులు. వాళ్ళు భర్తీ చేసేటప్పుడు మీ భాషతో పని లేదు, ఫ్రెంచ్ వాళ్ళే నేర్పుతారు. మీ చెవి గుమ్మం దగ్గర పెట్టి, వాళ్ళ చెవి తీసుకోవాలి.

చివరిగా, ఇప్పుడు చేరవచ్చా అని అడగబోయేవారికి: గ్రీన్ కార్డు ఉంటే మామూలు దారిలో వెళ్ళవచ్చు. ఎఫ్-1, హెచ్-1బి వీసాలవారికి మావ్నీ తలుపు 2016లో మూసుకుంది, మళ్ళీ తెరుచుకోలేదు. ఇంత రుసుము కడితే భాష కోటాలో చేర్పిస్తామని ఎవరైనా ఫోను చేస్తే, ఎన్-426 మీద సంతకం పెట్టే అధికారి ఎవరో అడిగి చూడండి.

[చెవిని జేబులో వేసుకుంటారు.]