పొద్దు పొడవకముందే దువ్విన దారి

అందరికీ నమస్కారం.

ఈ గదిలో సగం మంది ఫిన్లాండ్‌లోని ఈ ఔలు ఊరికి ఈ ఆగస్టులోనే చదువుకోవడానికి వచ్చారు. వచ్చిన వారంలోనే పాత సైకిల్ కొనుక్కుని యూనివర్సిటీ ఉన్న లిన్నన్‌మా క్యాంపస్‌కు దాని మీదే వస్తున్నారు. ఇప్పుడు అక్టోబరు నడుస్తోంది. పొద్దున లేచేసరికి సీటు మీద తెల్లగా మంచు పేరుకుని ఉంటోంది. "అన్నా, ఇక సైకిల్ మూలన పెట్టి బస్సు పాస్ తీసుకోవాలా?" అని ఈ నెలలో చాలామంది నన్ను అడిగారు. అక్కర్లేదు. ఎందుకు అక్కర్లేదో చెప్పడానికే వచ్చాను.

నాది అనంతపురం. మా ఊళ్లో ఎండకు భయపడటం తెలుసు గానీ చలికి భయపడటం తెలియదు. ఇక్కడ మొదటి జనవరిలో మైనస్ 20 చూసినప్పుడు, ఇందులో సైకిల్ తొక్కేవాళ్ల ఒంట్లో మనకు లేనిది ఏదో ఉందనుకున్నాను. తర్వాత చూస్తే, హ్యాండిల్‌కు కూరల సంచి తగిలించుకుని డెబ్బై దాటిన ముసలమ్మ నా పక్కనుంచే నెమ్మదిగా వెళ్లిపోతోంది. మెత్సోకాంగస్ బడి ముందు మైనస్ 17లో వందల కొద్దీ పిల్లల సైకిళ్లు వరసగా నిలబెట్టి ఉంటాయి. అంతమంది పసిపిల్లలకూ, అవ్వలకూ అసాధారణమైన తెగువ ఉందని అనుకోలేం కదా. మరి రహస్యం ఎక్కడుంది?

అది నాకు ఒక ఫిబ్రవరి తెల్లవారుజామున దొరికింది. రాత్రంతా ల్యాబ్‌లో ఉండి అయిదింటికి బయటికొచ్చాను. జానెడు మంచు పడి ఉంది. తోసుకుంటూ పోవాల్సిందే అనుకుంటుండగా దూరంగా పసుపు దీపం తిరుగుతూ కనపడింది. ట్రాక్టరు. కార్లు తిరిగే రోడ్డు మీద కాదు, సైకిల్ బాట మీద వస్తోంది. దాని ముందున్న బ్లేడుకు పళ్లు ఉన్నాయి. మంచును పూర్తిగా గీకెయ్యకుండా, అడుగున గట్టిపడిన పొరను అలాగే ఉంచి, దాని మీద సన్నటి చాళ్లు గీసుకుంటూ పోయింది. అమ్మ తల దువ్వి పాయలు తీసినట్టు ఉంది ఆ బాట. దాని మీద నేనే మొదట తొక్కాను. టైరు కింద కరకరమని చప్పుడు తప్ప ఎక్కడా జారలేదు.

ఈ ఊళ్లో 900 కిలోమీటర్లకు పైగా సైకిల్, నడక బాటలున్నాయి. పెద్ద రోడ్లు అడ్డొచ్చిన చోట కింద నుంచి పోవడానికి 300కు పైగా సొరంగ దారులున్నాయి. ఇది ఒక్క ఏడాదిలో వచ్చింది కాదు, దశాబ్దాల పని. ముఖ్యమైన బాటలను జనం పనికి బయల్దేరే వేళకు ముందే శుభ్రం చేస్తారు. చలికాలపు సైకిల్ ప్రయాణం మీద మొట్టమొదటి అంతర్జాతీయ సదస్సు 2013లో ఈ ఊళ్లోనే జరిగింది. ఆ తర్వాతి ఏళ్లలో అది విన్నిపెగ్, మినియాపొలిస్, మాంట్రియల్ లాంటి చలి ఊళ్లకు వెళ్లింది. వాతావరణం ఎవరి చేతిలోనూ లేదు. బాట మాత్రం మనుషుల చేతిలో ఉంది. నాకు ఇక్కడ అన్నిటికంటే నచ్చిన సంగతి ఇదే.

మరి ఉప్పు చల్లితే సరిపోదా అని అడుగుతారు. మైనస్ 10 దాటాక ఉప్పు సరిగా పనిచెయ్యదు. అంతకన్నా వెచ్చగా ఉన్నప్పుడు మంచును రొచ్చు చేస్తుంది, చైనును తినేస్తుంది. అందుకే ఇక్కడ కంకర చిప్స్ చల్లుతారు. ఏప్రిల్‌లో మంచు కరిగాక ఆ చిప్స్ అంతా పైకి తేలి ట్యూబులు పంక్చర్ చేస్తాయి, అది వేరే బాధ. ఒక మాట గుర్తుంచుకోండి. మైనస్ 15 మంచి రోజు. పొడిగా, గట్టిగా, నమ్మకంగా ఉంటుంది. భయపడాల్సింది సున్నా దగ్గర ఊగిసలాడే రోజులకు. పగలు కరిగి, రాత్రి అద్దంలా గడ్డకట్టి, దాని మీద పల్చగా కొత్త మంచు పడుతుంది. చూస్తే బాట మామూలుగానే ఉన్నట్టుంటుంది.

నేను పడింది అలాంటి నవంబరు ఉదయానే. తువిరా వంతెన దిగి మలుపు తిరుగుతుంటే ముందు చక్రం పక్కకు పోయింది. మోచెయ్యి ఆనించి పడ్డాను, ఆరు వారాలు కట్టు. మేకుల టైర్లకు డబ్బు దండగ అని ఆ ఏడు వెయ్యలేదు. ఇక్కడి వాళ్లు నస్తా టైర్లంటారు, రబ్బరులో చిన్న చిన్న లోహపు మేకులుంటాయి. రెండూ కొనలేకపోతే ముందు చక్రానికైనా వేయించండి. వెనక చక్రం జారితే చాలాసార్లు నిలదొక్కుకోవచ్చు, ముందుది జారితే పడాల్సిందే. దయచేసి మొదటి మంచు పడేదాకా ఆగకండి.

ఇంకోటి ఫ్రీవీల్, అంటే పెడల్ ఆపినా వెనక చక్రం తిరుగుతూ ఉండేలా చేసే భాగం. డిసెంబరులో మనింట్లో కొబ్బరినూనె సీసాలో గడ్డకట్టినట్టే, అందులోని గ్రీజు గట్టిపడుతుంది. లోపలి చిన్న పళ్లు పట్టుకోవు. పెడల్ తిరుగుతుంది, చక్రం కదలదు. సైకిల్‌ను రాత్రి వెచ్చటి మెట్ల కింద పెట్టి పొద్దున బయటికి తెస్తే ఇంకా ప్రమాదం. మంచు కరిగి నీళ్లు లోపలికి దిగుతాయి, బయట మళ్లీ గడ్డకడతాయి. బ్రేకు తీగ కూడా అలాగే బిగుసుకుపోతుంది. సైకిల్‌ను బయటే, పైకప్పు ఉన్న చోట ఉంచండి. కావాలంటే సీటుకు ప్లాస్టిక్ సంచి కట్టండి. ఊళ్లో చాలామంది పెడల్ వెనక్కి తొక్కితే పడే బ్రేకున్న పాత రకం సైకిళ్లే వాడతారు. చెడిపోవడానికి అందులో ఉన్నవే తక్కువ.

బట్టల గురించి మీ అమ్మానాన్నలు ఫోన్లో చెప్పేది వినకండి. బరువైన కోటు వేసుకుని తొక్కితే పది నిమిషాల్లో చెమట పట్టి, ఆగగానే ఆ చెమటే మంచవుతుంది. గుమ్మం దాటినప్పుడు కాస్త చలేస్తే సరిగ్గా వేసుకున్నట్టు. ఒంటికి ఆనే బట్ట నూలుది వద్దు, ఉన్నిది మేలు. అసలు జాగ్రత్త చేతులకు, చెవులకు కావాలి. మైనస్ 15లో గంటకు 20 కిలోమీటర్ల వేగంతో పోతే ముఖానికి తగిలేది మైనస్ 24 చలి. వేళ్లు విడివిడిగా ఉండే గ్లౌజుల కంటే నాలుగు వేళ్లూ కలిసి ఉండేవి వెచ్చగా ఉంటాయి. వేలి కొస తెల్లబడి స్పర్శ పోతే తొక్కడం ఆపి ఏదో ఒక తలుపు తీసుకుని లోపలికి వెళ్లండి. మొహమాటపడొద్దు.

చీకటి సంగతి. డిసెంబరు చివర్లో ఇక్కడ పదిన్నరకు సూర్యుడొచ్చి రెండు దాటగానే వెళ్లిపోతాడు. ముందూ వెనకా దీపాలు చట్టప్రకారం ఉండాలి. బ్యాటరీ చలికి త్వరగా దిగిపోతుంది కాబట్టి సైకిల్ దిగగానే దీపాన్ని ఊడదీసి లోపలి జేబులో వేసుకోండి.

మీలో హైదరాబాదు వాళ్లు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన బాట చూసే ఉంటారు. 23 కిలోమీటర్లు, పైన సోలార్ పలకలే నీడ. అక్కడ ఎండ శత్రువు, ఇక్కడ మంచు. చూసి నాకు ఎంతో సంతోషం కలిగింది. అయితే ఇంటి గుమ్మం నుంచి ఆ నీడ దాకా కూడా ఒక దారి కావాలి. ఇక్కడ బాట మా వీధి చివరే మొదలవుతుంది. మీలో కొందరు చదువు ముగించి ఊళ్లను కట్టే పనుల్లోకి వెళ్తారు. అప్పుడు ఈ తేడా మర్చిపోవద్దని నా కోరిక.

నా సైకిల్ బయట స్టాండులో ఎడమ చివర ఉంది, ఎర్ర మడ్‌గార్డుది. నిన్ననే మేకుల టైర్లు ఎక్కించాను. ఎలా ఎక్కించాలో చూడాలనుకునేవాళ్లు మీ సైకిళ్లు తీసుకుని శనివారం పదింటికి మా బిల్డింగ్ వెనక షెడ్డు దగ్గరికి రండి. పంపు, టైరు విప్పే చెంచాలు నా దగ్గరున్నాయి. టీ కూడా పెడతాను.