హార్బరు గోడ ఇవతల నుంచి చూసిన యుద్ధాలు

(మద్రాసు దినోత్సవం సందర్భంగా చెన్నైలో తెలుగువారి సభలో చేసిన ప్రసంగం)

సభాధ్యక్షులకి, వేదిక మీది పెద్దలకి, ఈ ఉక్కపోతలో టీ నగర్ ట్రాఫిక్ దాటుకుని వచ్చిన మీ అందరికీ నమస్కారం. పేరుపేరునా చెప్పాలి గానీ, నాకిచ్చింది అరగంట. అందులో పది నిమిషాలు కార్యదర్శి గారు నన్ను పొగడటానికే వాడేశారు. ఆయన చెప్పినంత మనిషిని కాను. తెలుగు పత్రికల్లో మొదట రిపోర్టరుగా, తర్వాత డెస్కు మీద, రిటైరయ్యేదాకా ఈ ఊళ్లోనే పనిచేశాను.

నన్ను మాట్లాడమన్నది ఎమ్డెన్ ఓడ గురించి. మాట్లాడతాను. కాకపోతే నాకు ఇంకో ఓడ గురించి కూడా చెప్పాలని చాలా ఏళ్లుగా ఉంది. మధ్యలో అటు పోతే మన్నించండి.

1914 సెప్టెంబరు 22, రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతం. యుద్ధం మొదలై రెండు నెలలు కావస్తోంది. అయినా ఊళ్లో దీపాలు దేదీప్యమానంగా వెలుగుతున్నాయి. యుద్ధం యూరప్‌లో కదా, మనకేమిటి అని ధీమా. జర్మనీ క్రూయిజరు ఎమ్డెన్ తీరానికి మూడు కిలోమీటర్ల దాకా వచ్చి, సెర్చిలైటు వేసి, బర్మా ఆయిల్ కంపెనీ ట్యాంకుల మీద కాల్పులు మొదలుపెట్టింది. సుమారు 130 గుండ్లు పేల్చింది. రెండు ట్యాంకులు అంటుకున్నాయి, హార్బరులో ఓ సరుకుల ఓడ దెబ్బతింది, కొంతమంది చనిపోయారు. అరగంట తిరక్కుండా ఓడ చీకట్లో కలిసిపోయింది. హైకోర్టు ఆవరణ గోడకి ఆ గుండ్లు తగిలినచోట పెట్టిన ఫలకం ఇప్పటికీ ఉంది. ఈసారి అటు వెళ్తే చూడండి. మనవాళ్లలో సగం మంది వాయిదాకి వెళ్తారు గానీ దాన్ని చూడరు.

ఇంతకీ ఆ కెప్టెన్ సాధించిందేమిటి? కార్ల్ ఫాన్ ముల్లర్ ఆయన పేరు. రెండు ట్యాంకుల కిరసనాయిలు తగలబడితే బ్రిటిష్ సామ్రాజ్యం ఓడిపోదు. ఆ సంగతి ఆయనకి తెలుసు. భారతదేశపు జనం దృష్టిలో పడాలి, ఇంగ్లీషువాళ్ల వ్యాపారం బెదరాలి, వాళ్ల పరపతి పలచబడాలి అన్నది తన లెక్క అని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు. లెక్క తప్పలేదు. మర్నాటి నుంచి సెంట్రల్లో, ఎగ్మూరులో రైళ్లు కిక్కిరిసిపోయాయి. వేలమంది ఊరు విడిచి వెళ్లారు. తెల్లదొర సముద్రం మీద తిరుగులేనివాడన్న నమ్మకానికి ఆ రాత్రి బీట పడింది.

ఎత్తుగడ, ప్రచారం రెండూ వేరని అనుకుంటాం మనం. ముందు యుద్ధం, తర్వాత దాని గురించి పేపర్లో రాతలు అని. ఎమ్డెన్ విషయంలో ఆ రెండూ ఒకటే. ఈ ఓడకి అసలున్నవి మూడు పొగగొట్టాలు. నాలుగోది ఉత్తుత్తిది నిలబెట్టుకుని ఇంగ్లీషు ఓడలా కనబడేది. ఆ వేషంతోనే అక్టోబరు ఆఖర్లో పెనాంగు రేవులోకి దూరి రష్యా క్రూయిజరు నొకదాన్ని ముంచింది. నవంబరు 9న కోకోస్ దీవుల దగ్గర ఆస్ట్రేలియా ఓడ సిడ్నీ చేతిలో దాని కథ ముగిసింది. ఓడ పోయింది గానీ పుకారు పోలేదు. తిరువనంతపురం విప్లవకారుడు చెంపకరామన్ పిళ్లై ఆ ఓడలోనే ఉన్నాడనీ, మద్రాసు మీద గురి చూపించింది ఆయనేననీ ఈరోజుకీ చెప్పేవాళ్లున్నారు. ఆధారం లేదు, ఆయన అప్పుడు యూరప్‌లో ఉన్నాడు. కానీ ఆ ఫిరంగి వెనక మనవాడొకడు ఉంటే బాగుండునని జనానికి ఉంది. ఉంది కాబట్టి పెట్టేసుకున్నారు.

ఇంకొకటి కూడా చెప్పాలి, మనవాళ్ల సంగతి కదా. నాగేశ్వరరావు పంతులు గారు ఆంధ్రపత్రికను దినపత్రికగా ఈ ఊళ్లోనే 1914 ఏప్రిల్ 1న మొదలుపెట్టారు. ఆరు నెలలు నిండకుండానే గుమ్మంలోకి యుద్ధం వచ్చింది. తెలుగువాడికి రోజూ పేపరు చదివే అలవాటూ యుద్ధం వార్తల అలవాటూ ఒకే ఏడాది పట్టుకున్నాయి. మంచిదో చెడ్డదో మీరే చెప్పండి.

1942 గురించి రెండు ముక్కలే. ఏప్రిల్ 5న కొలంబో మీద, 6న మన విశాఖపట్నం మీద, కాకినాడ మీద జపాన్ విమానాలు బాంబులు వేశాయి. ఇక మద్రాసే అన్నారు. ఈసారి భయపెట్టింది శత్రువు కాదు, మన సర్కారే. ఊళ్లో పనిలేనివాళ్లంతా వెళ్లిపోండన్నారు. గవర్నరు ఆర్థర్ హోప్ ప్రభుత్వం ఆఫీసులు మూటకట్టుకుని లోపలి జిల్లాలకి తరలింది. బాంబులు పడితే తప్పించుకుంటాయని జూలో క్రూరమృగాల్ని కాల్చి చంపారు. వస్తుందన్న జపాన్ నౌకాదళం రాలేదు. నిజంగా జపాన్ విమానం వచ్చి హార్బరు వైపు బాంబులు వేసింది మరుసటేడు, 1943 అక్టోబరులో. అప్పటికి వెళ్లినవాళ్లంతా తిరిగొచ్చి అద్దె ఇళ్లు వెతుక్కుంటున్నారు.

సరే. ఇక నేను చెప్పాలనుకున్న ఓడ.

ఈ హాల్లో శాంతి సేనలో, అంటే 1987లో ఢిల్లీ పంపిన మన సైన్యంలో, శ్రీలంక వెళ్లొచ్చినవాళ్లు గానీ, ఇంట్లోంచి ఎవరైనా వెళ్లినవాళ్లు గానీ ఉంటే ఒకసారి చెయ్యెత్తండి. మొహమాటపడకండి. ఆ వెనకాల ఒకరు. ఈ పక్కన అమ్మగారు. ఇంకా? ముగ్గురు. చూశారా, ఇంత సభలో ముగ్గురు ఉన్నారు. పక్క సీట్లో ఉన్నవాళ్లకి ఆ సంగతి ఇప్పటిదాకా తెలియదు.

అది మొదలైంది ఒక ఫోటోతో. 1987 జూన్ 4న బెంగళూరు నుంచి ఐదు ఏఎన్-32 విమానాలు లేచి, శ్రీలంక ఉత్తరాన అక్కడి సైన్యం చుట్టుముట్టిన తమిళుల ఊరు జాఫ్నా మీద బియ్యం, పప్పులు, మందులు పారాచూట్లతో వదిలాయి. పక్కన కాపలాగా మిరాజ్ యుద్ధవిమానాలు. అంతకుముందు రామేశ్వరం నుంచి పంపిన పడవల్ని శ్రీలంక నేవీ వెనక్కి తిప్పింది కాబట్టి, ఇది దానికి జవాబు. ఆ రవాణా విమానాల్లో మూటలతో పాటు విలేఖరుల్ని కూడా ఎక్కించారు. ఆకలితో ఉన్నవాడికి విలేఖరి ఎందుకండీ? ఢిల్లీకి కావలసింది ఫోటో. మర్నాడు దేశమంతా ఆ ఫోటో వేసింది. మేమూ వేశాం.

జులై 29న భారత్, శ్రీలంక ప్రభుత్వాల మధ్య ఒప్పందం, వెంటనే శాంతి సేన పేరుతో మన సైన్యం. ఒప్పందం మర్నాడే కొలంబోలో గౌరవ వందనం తీసుకుంటుంటే రాజీవ్ గాంధీ మీదికి శ్రీలంక నావికుడొకడు తుపాకి మడమ ఎత్తాడు. అటు సింహళీయులకి మనం పరాయి సైన్యం. ఇటు పులులు, అంటే తమిళులకి వేరే దేశం కావాలని పోరాడే ఎల్‌టీటీఈ వాళ్లు, ఏం చేశారు? సెప్టెంబరు 15న తిలీపన్ అనే కుర్రవాడు నల్లూరు గుడి దగ్గర నిరాహారదీక్షకి కూర్చున్నాడు. మంచినీళ్లు కూడా ముట్టలేదు. 26న చనిపోయాడు. నోటితో తుపాకీ భాష తప్ప మాట్లాడని సంస్థ, గాంధీగారి ఆయుధం తీసి గాంధీగారి దేశం మీదికే తిప్పింది. మన సైన్యానికి దానికి ఏ శిక్షణా లేదు. నన్నడిగితే మనం జాఫ్నాలో మొదట ఓడింది ఆ పన్నెండు రోజుల్లో, గుడి ముందు.

అక్టోబరు 10న పులులతో యుద్ధం మొదలవుతూనే మనవాళ్లు చేసిన పనుల్లో ఒకటి, జాఫ్నాలో రెండు తమిళ పత్రికల ప్రెస్సుల్ని పేల్చేయడం. పత్రిక నోరు మూస్తే జనం నమ్మడం మానేస్తారని ఎవరు చెప్పారో! 11వ తేదీ రాత్రి యూనివర్సిటీ మైదానంలో హెలికాప్టర్లతో కమాండోల్ని దించారు, పులుల నాయకుల్ని పట్టుకుందామని. పులులు మన వైర్‌లెస్ ముందే వింటున్నారు. కాచుకుని కూర్చున్నారు. 13వ సిక్కు లైట్ ఇన్‌ఫాంట్రీకి చెందిన ముప్ఫై మంది దిగితే ఇరవై తొమ్మిది మంది చచ్చిపోయారు, ఒకడు పట్టుబడ్డాడు. రోడ్డు రోడ్డుకీ మందుపాతరలు, మేడ మేడ మీదా తుపాకీ. వాళ్ల చేతుల్లో ఏకే-47లు, మనవాళ్ల చేతుల్లో బరువైన పాత రైఫిళ్లు. అక్టోబరు ఆఖరికి ఊరు మన చేతికొచ్చింది. యుద్ధం మాత్రం అడవుల్లోకి మారి రెండేళ్లకి పైగా సాగింది.

అక్టోబరు 21, దీపావళి. ఆ రోజు జాఫ్నా ఆస్పత్రిలో మన సైనికుల కాల్పుల్లో రోగులు, డాక్టర్లు, నర్సులు కలిపి అరవై మందికి పైగా చనిపోయారు. ఇది కూడా చెప్పకపోతే నేను ఇక్కడ నిలబడటానికి అర్హుణ్ణి కాను.

మద్రాసులో ఉన్న మాలాంటి తెలుగువాళ్లకి ఈ యుద్ధం రెండు రకాలుగా వచ్చేది. పొద్దున్నే ఢిల్లీ నుంచి తెలుగు వార్తలు వింటే శాంతి సేన ముందుకు సాగుతోంది. టీ కొట్టు దగ్గరికి వెళ్తే గోడ మీద పోస్టరులో శాంతి సేన చంపుతోంది. పోస్టరు ఆస్పత్రి సంగతి చెప్పింది, పులులు తోటి తమిళ సంస్థల కుర్రాళ్లనే వరసపెట్టి చంపిన సంగతి చెప్పలేదు. రేడియో ఇరవై తొమ్మిది మంది సిక్కు కుర్రాళ్ల సంగతి చెప్పాల్సిన పద్ధతిలో చెప్పలేదు. ఇద్దరిలో ఎవరు అబద్ధమాడారు అంటే, ఇద్దరూ నిజంలో తమకు పనికొచ్చే సగం పట్టుకున్నారు. ఈ ఊరు గోడనే నమ్మింది. ఎందుకంటే గోడ మీది మాట చెప్పేవాడు ఆ వీధిలోనే ఉన్నాడు. రేడియోలో వాడు ఢిల్లీలో ఉన్నాడు.

(కార్యదర్శి గారు చీటీ పంపారు. పది నిమిషాలట. చాలు.)

1990 మార్చిలో ఆఖరి దళాలు ట్రింకోమలీ నుంచి ఓడల్లో ఇక్కడికే, మన హార్బరుకే వచ్చాయి. బ్యాండు పెట్టారు, కేంద్రం తరఫున పెద్దలు వచ్చారు. ముఖ్యమంత్రి కరుణానిధి గారు రాలేదు. తమిళుల్ని చంపిన సైన్యానికి స్వాగతం చెప్పలేనన్నారు. ఆయన కారణం ఆయనది, ఈ ఊరి జనంలో చాలామంది మాటే ఆయన అన్నారు. నేను రిపోర్టరుగా వెళ్లాను. దిగుతున్నవాళ్లలో శ్రీకాకుళం వైపు జవాను ఒకడు, ముప్ఫై లోపే ఉంటుంది వయసు, నా చేతిలో నోట్‌బుక్ చూసి తెలుగులో అడిగాడు:

"పేపరోలా బాబూ? మా గురించి ఏటి రాసినారు ఇన్నాల్లూ?"

నేను ఏదో చెప్పాను. అతను నవ్వాడు. "మా అమ్మ ఉత్తరం రాయించింది. రేషను పంచడం ఇంకా అవలేదేటి, ఎప్పుడొస్తావు అని."

అమ్మకి తెలిసిన శ్రీలంక అదీ. 1987 జూన్ ఫోటో. విమానంలోంచి బియ్యం మూటలు. ఆ తర్వాత ఏ పేపరూ, ఏ రేడియో ఆ ఊరిదాకా ఇంకో బొమ్మ పంపలేదు. వెయ్యిమందికి పైగా సైనికులు చనిపోయి తిరిగొస్తుంటే, ఆ తల్లికి కొడుకు అక్కడ బియ్యం కొలుస్తున్నాడు.

ఇది రాసిచ్చాను. మర్నాడు నా పేరుతో అచ్చయిన దాంట్లో ఆ తల్లి లేదు, ఉత్తరం లేదు. సైనికులు ఉత్సాహంగా ఉన్నారనీ, ప్రజలు ఘనస్వాగతం పలికారనీ ఉంది. పత్రిక పేరు చెప్పను. డెస్కు మీద పెద్దాయన్ని అడిగితే, "ఈ ఊళ్లో ఉండి ఎందుకొచ్చిన టెన్షన్ నాయనా, అటువాళ్లకీ కోపం ఇటువాళ్లకీ కోపం" అన్నారు. ఎవరూ ఫోన్ చేసి బెదిరించలేదు, సెన్సారువాళ్లు రాలేదు. ఆయనకి ఆయనే కొట్టేశారు. నేను డెస్కు ఎక్కాక గమనించాను, చాలాసార్లు అంతే. ప్రచారం చెయ్యడానికి ప్రభుత్వం అక్కర్లేదు. సాయంత్రం ఇంటికి పోయే తొందరలో ఉన్న మంచి మనిషి చాలు.

ఏడాది తిరిగింది. 1991 మే 21, శ్రీపెరుంబుదూరులో పులుల మానవబాంబు రాజీవ్ గాంధీని చంపింది. ఈ ఊరి అభిప్రాయం రాత్రికి రాత్రి మారిపోయింది. గోడల మీద పోస్టర్లు ఎవరు చింపారో తెలియదు, తెల్లారేసరికి లేవు. అప్పుడైనా ఓడ దిగిన కుర్రాళ్లని ఎవరైనా తల్చుకున్నారా? లేదు. అప్పుడు ఇంకో కథ కావలసి వచ్చింది.

పిల్లలు వెనక వరసలో ఫోన్లు చూసుకుంటున్నారు, తప్పులేదు, మీకోసమే ఈ మాట. 2025 మే నెలలో, ఆపరేషన్ సిందూర్ జరుగుతున్నప్పుడు, ఒక రాత్రి మన టీవీ ఛానళ్లు కొన్ని కరాచీ రేవుని తగలబెట్టేశాయి. రేవు మాత్రం ఉన్నచోటే ఉంది. వీడియో గేమ్ దృశ్యాలు యుద్ధం దృశ్యాలుగా తిరిగాయి, అటూ ఇటూ కూడా. మా అపార్ట్‌మెంట్ గ్రూపులో రాత్రి రెండింటికి చప్పట్ల బొమ్మలు. ఆ రాత్రుల్లోనే సరిహద్దులో శ్రీ సత్యసాయి జిల్లా తండా నుంచి వెళ్లిన అగ్నివీర్ కుర్రవాడు పాకిస్తాన్ కాల్పుల్లో చనిపోయాడు. కరాచీ కాలిందన్న గ్రూపులోనే ఆ కుర్రవాడి ఫోటో కూడా వచ్చింది, చప్పట్ల బొమ్మలకి కింద. ఎమ్డెన్ కెప్టెన్‌కి మనల్ని భయపెట్టడానికి 130 గుండ్లు కావలసి వచ్చాయి. ఇప్పుడు మన ఉత్సాహం మనమే తయారుచేసుకుంటున్నాం, పైసా ఖర్చు లేకుండా.

ఇంకో చీటీ వచ్చింది. అయిపోయిందండీ.

ఒక్క విన్నపం. ఇందాక చెయ్యెత్తిన ముగ్గురూ వెళ్లిపోకుండా నన్ను కలవండి. మీ ఇళ్లలో 1987 నుంచి 90 దాకా శ్రీలంక నుంచి వచ్చిన ఉత్తరాలుంటే, ఇన్‌లాండ్ లెటరైనా సరే, చిరిగినవైనా సరే, నాకు చూపించండి. సంక్రాంతికి ఊళ్లకి వెళ్లేవాళ్లు, శ్రీకాకుళం, విజయనగరం, ప్రకాశం, ఎక్కడైనా, మీ బంధువుల్లో సైన్యంలో చేసినవాళ్లని అడగండి. జెరాక్సు తీయించుకుని అసలు కాయితం మీ చేతికే తిరిగిస్తాను. ఖర్చు నాది. ఫోన్ నంబరు కార్యదర్శి గారి దగ్గరుంది, ఆయన ఎత్తకపోతే మళ్లీ చెయ్యండి, ఆయన రెండోసారికే ఎత్తుతారు. నమస్కారం.