ఆ పిల్లాడి ప్రశ్న తప్పు కాదు

(విజయవాడలో గ్రంథాలయ వారోత్సవాల సభలో ఒక రిటైర్డ్ లెక్కల టీచరు చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న పెద్దలకు, ఎదురుగా కూర్చున్న అమ్మలకు, అయ్యలకు, వెనక పుస్తకాల బీరువాల పక్కన నిలబడ్డ పిల్లలకు నమస్కారం. పేరుపేరునా చెప్పడం మొదలుపెడితే నాకిచ్చిన టైము అక్కడే అయిపోతుంది, పెద్దలు మన్నించాలి. అయితే ఈ ఊళ్ళో గ్రంథాలయాల పేరు చెప్పుకుని మైకు పట్టుకున్నాక అయ్యంకి వెంకటరమణయ్య గారిని తలుచుకోకుండా ఉండలేం. 1914లో ఇదే బెజవాడలో ఆంధ్రదేశపు గ్రంథాలయాల వాళ్ళందరినీ పిలిచి సభ పెట్టించిన మనిషి. అలాంటి ఊళ్ళో, పుస్తకాల పండగలో, నన్ను సినిమాల గురించి మాట్లాడమన్నారు. "ఈమధ్య మీరు చూసిన సినిమాలు చెప్పండి టీచర్ గారూ, పిల్లలు కూడా వింటారు" అన్నారు. సరే అన్నాను. ఎందుకు సరే అన్నానో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

నాకు సినిమాలంటే పిచ్చేం లేదు. మొదటి రోజు మొదటి ఆట చూసే ఓపిక ఏనాడూ లేదు. ఎవరైనా తీసుకెళ్తే గాంధీనగర్ వెళ్ళి చూస్తాను, లేదంటే ఇంట్లో ఫోన్లో చూస్తాను. చూసింది మాత్రం మనసులో పెట్టుకుంటాను.

బలగం చూశాను. 2023లో వచ్చింది, వేణు గారు తీశారు. తెలంగాణ పల్లెల్లో ఊరంతా ఒకచోట చేరి తెర కట్టుకుని చూశారని విన్నప్పుడు, ఏముందబ్బా అందులో అనుకున్నాను. చూస్తే, ఒక ముసలాయన పోతాడు, పిండం పెడితే కాకి ముట్టదు. అంతే కథ. అన్నదమ్ములు, చెల్లెలు, బావ విడిపోయి ఇరవై ఏళ్ళు. దేని మీద? భోజనాల దగ్గర ఒక నల్లి బొక్క మీద, అదే మూలుగ ఎముక. మాట వాళ్ళదైనా గొడవ మనదే. మన కృష్ణా జిల్లాలో పెళ్ళి విస్తళ్ళ దగ్గర తెగిన చుట్టరికాలు ఈ హాల్లో ఉన్నవాళ్ళలో ఎందరికి లేవు చెప్పండి? చివర్లో మొగిలయ్య, కొమురమ్మ దంపతులు పాడతారు. నటన నేర్చినవాళ్ళు కారు, ఇంటింటా కథ చెప్పుకుని బతికినవాళ్ళు. ఆ పాటలో చచ్చిపోయినాయన బతికున్నవాళ్ళని ఒక్కొక్కరినీ పిలుస్తున్నట్టుంటుంది. మొగిలయ్య గారు 2024 డిసెంబరులో పోయారు. ఆయన గొంతు ఆ సినిమాలో ఉండిపోయింది. అందుకైనా ఆ సినిమా చూడండి.

లక్కీ భాస్కర్ కూడా చూశాను. బొంబాయి, బ్యాంకు, షేర్లు. తీసిన తీరు బాగుంది, కూర్చోబెట్టాడు. కానీ అప్పుల్లో మునిగిన ఆ బ్యాంకు ఉద్యోగి భాస్కర్ బ్యాంకు డబ్బు తీసుకెళ్ళి మళ్ళీ తెచ్చిపెట్టిన ప్రతిసారీ హాల్లో చప్పట్లు కొడుతుంటే నాకు చెయ్యి రాలేదు. అప్పులవాళ్ళు ఇంటి మీదకొస్తే మనిషికెలా ఉంటుందో నాకు తెలుసు. ఆ అవమానం నిజమే. దానికి మందు అదేనని పిల్లలకి చెప్పడం మాత్రం నాకు మింగుడుపడలేదు.

కోర్ట్ చూశాను. 2025 మార్చిలో వచ్చింది. విశాఖపట్నం, 2013, పంతొమ్మిదేళ్ళ కుర్రాడి మీద పోక్సో కేసు, అంటే పిల్లల మీద లైంగిక నేరాల చట్టం కింద పెట్టే కేసు. శివాజీ గారు మంగపతి అనే పెద్దమనిషి వేషం వేశారు. ఇంటి పరువంతా ఆడపిల్ల నెత్తిన పెట్టి తను కర్ర పట్టుకుని తిరిగే రకం. ఆయన కనిపించినప్పుడల్లా మా వరసలో కూర్చున్న ఆడవాళ్ళు సర్దుకుని కూర్చున్నారు, అంత ఎరుగున్న మనిషిలా ఉన్నాడు. సినిమా నాకు నచ్చింది. కానీ తల్లులారా, ఒక్క మాట. 2012లో ఆ చట్టం వచ్చింది పిల్లల్ని కాపాడటానికి. బళ్ళో పనిచేసినదాన్ని, ఆ చట్టం లేకపోతే నోరెత్తలేని ఆడపిల్లల్ని చూశాను. సినిమాలో కుర్రాడు అమాయకుడు కాబట్టి చట్టమే తప్పని అనుకుని ఇంటికెళ్ళకండి. దాన్ని మంగపతి లాంటివాళ్ళ చేతికి ఇవ్వకూడదన్నది ఒక మాట, అసలు అక్కర్లేదన్నది వేరే మాట.

నేను గమనించిన సంగతొకటి చెప్తాను. బలగంలో తాత చావుకంటే తన అప్పులే ఎక్కువైపోయిన మనవడు, కోర్టులో ఆ కుర్రాడి కోసం నిలబడ్డ జూనియర్ లాయరు, ఇద్దరూ ఒకరే, ప్రియదర్శి. ఇంకో సినిమాలో లెక్కల మాష్టారు కూడా అతనే. ఆ లెక్కల మాష్టారి మీద నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. అంటే అతను అంత బాగా చేశాడని.

ఆ సినిమా 35. చిన్న కథ కాదు అని కూడా పేరులోనే చెప్పారు. నందకిషోర్ గారనే కొత్త దర్శకుడు తీశారు. తిరుపతిలో ఒక ఇల్లు, తండ్రి బస్సు కండక్టరు, తల్లి సరస్వతి పదో తరగతి తప్పిన మనిషి. పెద్దపిల్లాడు అరుణ్‌కి లెక్కలంటే అడ్డంకి. ఎందుకో తెలుసా? వాడికొక ప్రశ్న ఉంది. సున్నాకి విలువ లేదంటారు కదా, మరి ఒకటి పక్కన పెడితే తొమ్మిది కంటే పెద్దదెలా అయింది? వాడు ఇది అడుగుతాడు. మాష్టారు జవాబు చెప్పకుండా వాడినే జీరో అని పిలుస్తాడు.

ఇక్కడ ఆగాలి నేను. ఇంకో రెండు సినిమాలు రాసుకుని వచ్చాను, ఆ కాగితం పక్కన పెట్టేస్తున్నాను.

ఈ సినిమా విడుదలైంది 2024 సెప్టెంబరు 6న. ఆ తారీఖు వినగానే మా సింగ్‌నగర్ వాళ్ళకి సినిమా గుర్తు రాదు. సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి మా ఇళ్ళలోకొచ్చింది. రాజరాజేశ్వరిపేట, పాయకాపురం, మా వీధి, అన్నీ నీళ్ళే. పడవలు తిరిగాయి, డ్రోన్లతో అన్నం పొట్లాలు దించారు. మేడ ఉన్నవాళ్ళింట్లో మేడ లేనివాళ్ళు తలదాచుకున్నారు. వినాయక చవితి ఆ నీళ్ళలోనే వచ్చి వెళ్ళింది. నీళ్ళు తీశాక ఫైరింజన్లు వచ్చి ఇళ్ళలో బురద కడిగాయి. గుమ్మాల ముందు పరుపులు, ఫ్రిజ్‌లు, వాటి మీద పిల్లల పుస్తకాలు ముద్దలు ముద్దలుగా పడి ఉన్నాయి. టీచరుగా బతికినదాన్ని, ఆ పుస్తకాల గుట్టలు చూడలేకపోయాను. ఈ గ్రంథాలయం వాళ్ళు అప్పుడు నోటుపుస్తకాలు పోగుచేసి పంచారు, ఆ మాట ఈ వేదిక మీద చెప్పాలి. సినిమా ఎప్పుడొచ్చిందో, ఎప్పుడెళ్ళిందో మాకెవరికీ తెలియదు. అక్టోబరులో ఆహా యాప్‌లో వచ్చాక, ఇంకా తడి వాసన పోని గదిలో కూర్చుని ఫోన్లో చూశాం. నేను, మా తమ్ముడు.

మా తమ్ముడి గురించి చెప్పాలి. వాడు చదివిన బడి పేరు చెప్పను, ఆ మాష్టారి పేరూ చెప్పను. ఆయన పేపర్లు దిద్ది ఇచ్చేటప్పుడు పిల్లల్ని పేర్లతో పిలిచేవారు కాదు, మార్కులతో పిలిచేవారు. "ఎనిమిదీ, ఇలా రా" అనేవారు. ఎనిమిది మా తమ్ముడు. తర్వాతి పరీక్షలో ఎక్కువొచ్చినా వాడి పేరు ఎనిమిదే. ఆటల్లో ఎనిమిది, వీధిలో ఎనిమిది. పదో తరగతిలో హిందీకి ఇరవై వస్తే గట్టెక్కేవాళ్ళు, లెక్కలకి ముప్ఫై అయిదు రావాలి. వాడికి రాలేదు. మళ్ళీ కట్టలేదు. ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో చేరాడు.

ఇప్పుడు వాడే మేస్త్రి. లారీ ఛాసిస్ చూసి ఎంత రేకు పడుతుందో, ఎన్ని యాంగిళ్ళు కావాలో నేల మీద సుద్దముక్కతో లెక్క కట్టేస్తాడు. నేను ఎమ్మెస్సీ లెక్కలు చదివి, ఆ సుద్ద లెక్క చూసి ఆశ్చర్యపోయినదాన్ని. అయినా వాడి పిల్లల ప్రోగ్రెస్ కార్డు వస్తే వాడు ముట్టుకోడు. మరదలే సంతకం పెడుతుంది. నాకు లెక్కలు రావమ్మా అంటాడు. అంత లెక్క కట్టే మనిషి అనే మాట అది. ఎవరు నేర్పారు వాడికా మాట?

సినిమాలో మాష్టారు ఆ పిల్లాడిని జీరో అని పిలిచినప్పుడు మా తమ్ముడు లేచి వసారాలోకి వెళ్ళిపోయాడు. కాసేపటికి వచ్చి మిగతాది చూశాడు. ఏమీ మాట్లాడలేదు. మర్నాడు పొద్దున్న షెడ్డుకెళ్తూ గుమ్మంలో ఆగి అడిగాడు. "అక్కా, ఇంతకీ ఆ సున్నా సంగతేంటి? వాడడిగింది నిజమే కదా?"

నేను బోల్టులు తెమ్మన్నాను. పిల్లలూ, మీరూ వినండి. షెడ్డులో బోల్టులు పదేసి కలిపి ఒక ప్యాకెట్ కడతారు. విడిగా తొమ్మిది ఉన్నాయనుకోండి, 9 అని రాస్తాం. ఇంకొకటి చేరింది. ప్యాకెట్ నిండింది, కట్టేశాం. ఇప్పుడు విడివి ఏమైనా మిగిలాయా? లేవు. ఎడమ గడిలో ప్యాకెట్లు రాయాలి, కుడి గడిలో విడివి రాయాలి. ఎడమ గడిలో 1. కుడి గడి ఖాళీ. ఆ ఖాళీని అలాగే వదిలేస్తే, చూసినవాడికి అది ఒక ప్యాకెట్టో ఒక్క బోల్టో ఎలా తెలుస్తుంది? అందుకని ఇక్కడ విడివి ఏమీ లేవు అని ఒక గుర్తు పెట్టాం. అదే సున్నా. సున్నా వచ్చి ఒకటిని పెద్ద చెయ్యలేదు. ఒకటి నిలబడ్డ చోటు మారింది. ఆ చోటు మారిందని మనకి తెలియడానికి సున్నా అక్కడుంది.

మా తమ్ముడు బోల్టులు చేతిలో పట్టుకుని, "ఇంతేనా? ఈ ముక్క ఆయన ఆ రోజు చెప్తే ఏం పోయేదక్కా?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గరుంటే చెప్పండి.

ఆ పిల్లాడి ప్రశ్న చిన్నదని ఎవరూ అనుకోకండి. బ్రహ్మగుప్తుడి పేరు విన్నారు కదా, క్రీస్తుశకం 628లో బ్రాహ్మస్ఫుటసిద్ధాంతం రాశాడు. సున్నాని కూడితే ఏమవుతుంది, తీసేస్తే ఏమవుతుంది, గుణిస్తే ఏమవుతుంది అని నియమాలు రాసినాయన. అంత మహానుభావుడు సున్నాని సున్నాతో భాగిస్తే సున్నా వస్తుందని రాశాడు. ఈరోజు ఏ లెక్కల పుస్తకమూ దాన్ని ఒప్పుకోదు. తర్వాత అయిదువందల ఏళ్ళకి భాస్కరాచార్యుడు ఇంకో రకంగా చెప్పాడు, సున్నాతో భాగిస్తే అనంతమన్నాడు. దాన్నీ ఇప్పుడు అలాగే ఒప్పుకోం. వాళ్ళకే కొరుకుడుపడని సున్నా దగ్గర పదేళ్ళ పిల్లాడు ఆగి, ఇదేంటండీ అని అడిగితే వాడు మొద్దా? వాడు ఆగాల్సిన చోటే ఆగాడండీ! గ్వాలియర్ కోటలో చతుర్భుజ ఆలయంలో 876 నాటి శాసనం ఉంది. దేవుడి పూలతోట కొలత 270 మూరలని, రోజుకి 50 దండలివ్వాలని, సున్నాలతో సహా చెక్కి ఉంది. పూలదండలు లెక్కపెట్టడానికి మన పెద్దలు వాడుకున్న గుర్తు అది. దాన్ని మనం పిల్లలకి తిట్టుగా వాడుతున్నాం.

సినిమాలో తల్లి ఏం చేసిందో అది నాకు కళ్ళకద్దుకోవాలనిపించింది. పది తప్పిన మనిషి కొడుక్కి నేర్పడం కోసం తను మళ్ళీ పుస్తకం తెరిచింది. నివేదా థామస్‌కి ఆ వేషానికి గద్దర్ అవార్డుల్లో ఉత్తమ నటి ఇచ్చారు, సంతోషం. నాకు రెండు అభ్యంతరాలున్నాయి. సినిమా కాస్త సాగింది, అది పెద్ద విషయం కాదు. రెండోది, భారమంతా మళ్ళీ తల్లి మీదే పడింది. వంట ఆవిడదే, పిల్లలు ఆవిడవే, లెక్కలూ ఆవిడవే. అయ్యల్లారా, మీరూ ఆ పుస్తకం తెరవండి.

ఇంకో మాట చెప్పాలి, టీచర్ల తరఫున. మాష్టారొక్కడినీ దోషిని చేసి ఇంటికెళ్తే సరిపోదు. ఈ ఊరి సంగతి మనకి తెలియనిదా? బెంజ్ సర్కిల్ నుంచి గన్నవరం దాకా ర్యాంకుల ఫ్లెక్సీలు. ఫోటో కింద పేరు చిన్నగా, మార్కులు పెద్దగా. టీచర్ని ఫలితాల మీటింగులో నిలబెట్టి నీ క్లాసులో ఎంతమంది తప్పారని అడుగుతారు. ఆయన వచ్చి పిల్లల్ని అదే అడుగుతాడు. ఆ మార్కుతో పిలవడం క్లాసురూములో మొదలవలేదు, పైనుంచి దిగి వచ్చింది. ఇంటికొస్తే మనమూ అదే. పిల్లాడు గుమ్మంలో అడుగుపెట్టగానే "ఎన్నొచ్చాయి?" అంటాం. "ఈరోజు ఏం అడిగావురా?" అని ఎవరమైనా అంటున్నామా? అమ్మా, మీరు చెయ్యెత్తారు, మీరు అంటారా? సంతోషం తల్లీ. మిగతావాళ్ళు కూడా ఈరోజు రాత్రి అడిగి చూడండి.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు, ముగిస్తాను. లైబ్రరీ వాళ్ళకి ఒక విన్నపం. ఈ హాల్లో తెర ఉంది, ప్రొజెక్టరూ ఉంది. తీసుకోవాల్సిన అనుమతి తీసుకుని ఆ సినిమా ఒక ఆదివారం పిల్లలకి వెయ్యండి. అయిపోయాక నాకు ఒక గంట ఇవ్వండి. ట్యూషన్ కాదు, ఫీజు లేదు, మార్కులు అడగను. లెక్కల్లో ఎక్కడ ఆగిపోయారో ఆ ప్రశ్న ఒక్కటి పట్టుకుని రండి. పెద్దవాళ్ళు కూడా రావచ్చు, పది తప్పినవాళ్ళు తప్పకుండా రావాలి. పలకలు నేను తెస్తాను. బోల్టుల డబ్బా మా తమ్ముడు తెస్తానన్నాడు.

నమస్కారం.