కథ చదివాక నీతి అడగకండి
(చిత్తూరులో తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగం)

అమ్మలకు, నాయనలకు, మనవళ్లను వెంటబెట్టుకుని వచ్చిన అవ్వాతాతలకు నమస్కారం.

ఇలాంటి చోట నాకు తరచుగా వినిపించే ఫిర్యాదు ఒకటే: "సార్, మావాడు పుస్తకం ముట్టడు." ఎలా ముడతాడు? బడిలో పుస్తకం, ట్యూషన్‌లో పుస్తకం, అన్నింటి చివరా పరీక్ష. ఇంటికొచ్చాక కథల పుస్తకం ఇచ్చి, రెండు పేజీలు కాగానే "నీతి ఏమిటో చెప్పు" అని మనం ఇంకో పరీక్ష పెడతాం. సినిమా చూసి వచ్చిన మనల్ని గుమ్మంలో నిలబెట్టి ఎవరైనా అలా అడిగితే మళ్లీ సినిమాకు వెళ్తామా?

నేను కోరేది చిన్న పని. రాత్రి భోజనాలయ్యాక పావుగంట మీరే చదివి వినిపించండి. పిల్లలకు చదవడం వచ్చినా సరే. ఏడెనిమిదేళ్ల బిడ్డ కూడబలుక్కుని చదవగలిగేది నాలుగు చిన్న వాక్యాలు; విని ఆనందించగలిగేది పెద్ద కథ. సొంతంగా చదివేటప్పుడు విసుగు పుట్టేది అందుకే. మీరు చదివితే కొత్త మాటలు ముందు చెవిన పడతాయి, తర్వాత అచ్చులో కనబడితే పోల్చుకుంటారు. మధ్యలో ఆగి "ఇప్పుడు నక్క ఏం చేస్తుందంటావు?" అనండి. దానికి తప్పు జవాబంటూ లేదు. అదే కథ మళ్లీ మళ్లీ అడిగితే మళ్లీ మళ్లీ చదవండి. విసుగు మనకే. తర్వాత ఏం వస్తుందో ముందే తెలిసి ఉండటం వాళ్లకు పండగ.

ఏ భాషలో చదవాలి? మన చిత్తూరులో చాలా ఇళ్లలో తమిళం, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లీషు. మీ నోటికి హాయిగా వచ్చే భాషలో చదవండి. తమిళంలో కథ విన్నంత మాత్రాన పిల్లల తెలుగు చెడదు. ఇంట్లో చదువురాని అవ్వ ఉంటే మరీ మంచిది. ఆమె కథ చెబుతుంది. మనవరాలు ఆమెకు బస్సు బోర్డు, పెళ్లిపత్రిక చదివి పెడుతుంది.

ఫోను గురించి ఎక్కువ చెప్పను. మన చేతిలో అది ఉండగా వాళ్ల చేతిలోది లాక్కోలేం. అందులోనే పిల్లల పుస్తకాలు వేసే ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు బొమ్మల కథలు ఉచితంగా దొరుకుతాయి.

ఇక డబ్బు మాట. 1960 నాటి గ్రంథాలయ చట్టం ప్రకారం మీ ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను పడుతుంది. అంటే ఆ పుస్తకాలకు మీరు ఇప్పటికే డబ్బు కట్టారు, తెచ్చుకోవడం లేదు, అంతే! బిడ్డను గ్రంథాలయానికి వెంట తీసుకెళ్లండి. పుస్తకం తననే ఎంచుకోనివ్వండి. జోకుల పుస్తకం తీసినా, క్రికెట్ బొమ్మల పుస్తకం తీసినా ముఖం చిట్లించకండి.

సభ్యత్వ దరఖాస్తులు ఆ బల్ల మీద ఉన్నాయి. ఇప్పుడు మీ ప్రశ్నలు. ముందు పిల్లలు అడగాలి.