ఓత్ అంటే అతిథా, ఆతిథేయుడా? ‘త్రెజోర్’ ఫ్రెంచి నిఘంటువు రివ్యూ

నమస్కారం. ముందు ఒక ఫ్రెంచి వాక్యం వినండి: ‘నోత్ర్ ఓత్ ఎ తరివే’. మా ఓత్ వచ్చారు అని. ఇంతకీ వచ్చింది ఎవరు? భోజనానికి పిలిచినవారా, పిలిస్తే వచ్చినవారా? ఫ్రెంచిలో ఇద్దరికీ ఓత్ అనే మాటే చెల్లుతుంది. నేర్చుకునే తొలి రోజుల్లో ఒక ఉత్తరాన్ని తెలుగు చేస్తూ, విందు ఇచ్చిన పెద్దాయనను విందుకు వచ్చిన మనిషిగా రాసేశాను. నా దగ్గరున్న చిన్న నిఘంటువులో ఒక్క అర్థమే ఉంది మరి.

ఆ తర్వాత నేను పట్టుకున్నది ‘త్రెజోర్ ద లా లాంగ్ ఫ్రాన్సేజ్’. 1971 నుంచి 1994 వరకు 16 సంపుటాలుగా అచ్చయింది. దాదాపు లక్ష మాటలు, 2,70,000 నిర్వచనాలు. ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఉచితం.

ఇదిగో, తెరమీద ఓత్ పుట. రెండు అర్థాలూ ఉన్నాయి, వాటి కింద రచయితల వాక్యాలూ ఉన్నాయి. నాకు ప్రాణం ఆ వాక్యాలే. తలుపు తీసింది ఎవరో, గుమ్మంలో నిలబడింది ఎవరో వాటిలోనే తెలుస్తుంది. ‘ఓ’ అనే అక్షరం మీద చిన్న గొడుగు చూశారా? ఆ ‘ఓ’ పక్కన ఒకప్పుడు ‘స్’ ఉండేదనడానికి గుర్తు. మూలమైన లాటిన్ మాట ‘హోస్పెస్’ కూడా ఇద్దరికీ వాడినదే. ఆస్పత్రి, హోటల్ ఆ కుటుంబంలోవే. ఆడవారి విషయంలో మాత్రం చిక్కు విడిపోతుంది: పిలిచిన ఆవిడ ‘ఓతెస్’, వచ్చిన ఆవిడ ‘యూన్ ఓత్’.

తెలుగువాళ్లకు ఇది కొరుకుడు పడని సంగతేమీ కాదు. పెళ్లికొడుకు తండ్రికి పెళ్లికూతురి తండ్రి వియ్యంకుడు. ఆయనకు ఈయనా వియ్యంకుడే. ఎటునుంచి పిలిచినా అదే మాట.

ఇక ఇబ్బందులు. వివరణ అంతా ఫ్రెంచిలోనే, అడుగడుగునా పొడి అక్షరాల సంకేతాలు. 1994 తర్వాత పుట్టిన వాడుకల కోసం వేరే నిఘంటువు చూడాల్సిందే. మొదటి ఏడాది విద్యార్థులకు నేను దీన్ని ఇవ్వను. ఒక మాదిరి పుస్తకం చదవగలిగే స్థాయికి వచ్చారంటే మాత్రం తప్పకుండా తెరవండి.

తెరిచాక ‘లూయే’ అనే క్రియ వెతకండి. అద్దెకు ఇవ్వడమూ లూయే, తీసుకోవడమూ లూయే. పొగడటం కూడా లూయేనే, కానీ దాని లాటిన్ మూలం వేరు. అందుకే దాన్ని విడిగా ఇచ్చారు. రెండు పుటలూ పక్కపక్కన పెట్టుకుని చదవండి.