ఆ రాత్రి నేను వేసిన టార్చి

అందరికీ నమస్కారం. గ్రంథాలయ వారోత్సవాల్లో నన్ను గుర్తుపెట్టుకుని పిలిచినందుకు లైబ్రేరియన్ గారికి కృతజ్ఞతలు. ఈ ఊళ్ళో ముప్పై ఏళ్ళు జీవశాస్త్రం చెప్పాను. ఇక్కడ కూర్చున్న తల్లుల్లో చాలామంది నా దగ్గర చదువుకున్నవాళ్ళే. "ఫారిన్ వెళ్ళొచ్చారు కదా మేడం, ఆ విశేషాలు చెప్పండి" అన్నారు. చెబుతాను. కానీ నేను ఇవాళ వచ్చింది ఒక రాత్రి సంగతి మీ ముందు పెట్టాలని.

మా పెద్దమ్మాయి వాళ్ళుండేది స్కాట్లాండ్‌లోని ఆబర్డీన్. అక్కడ సాయంత్రం ఓడ ఎక్కితే మర్నాడు పొద్దున్నకి షెట్లాండ్ దీవుల్లో దిగుతాం. దాదాపు 100 దీవులుంటే జనం ఉండేవి 16. చెట్లు దాదాపు లేవు. గడ్డి, గొర్రెలు, కొండచరియలు, ఆగకుండా గాలి. పిల్లలూ, ఒక్క మాట వినండి. ఈ దీవులు ఒకప్పుడు డెన్మార్క్, నార్వే రాజువి. 1469లో కూతుర్ని స్కాట్లాండ్ రాజుకిచ్చి చేసినప్పుడు కట్నం డబ్బు చాలక, 8,000 బంగారు నాణేలకి షెట్లాండ్‌ని తాకట్టు పెట్టాడు. ఆ తాకట్టు ఈనాటికీ విడిపించలేదు. అంత రాజుని కూడా కట్నం అప్పులపాలు చేసింది. ఈ హాల్లో పెళ్ళీడు కొడుకులున్న తల్లిదండ్రులు ఈ సంగతి ఇంటికి పట్టుకెళ్ళాలని నా కోరిక.

సరే, పక్షులు. సంబరా హెడ్ అని దక్షిణం కొసన ఒక కొండ, దాని మీద లైట్‌హౌస్. గోడ మీదికి వంగి చూస్తే చేతికందేంత దూరంలో పఫిన్. నల్ల వీపు, తెల్ల రొమ్ము, బొట్టు పెట్టినట్టు ఎర్రటి ముక్కు. అక్కడివాళ్ళు ముద్దుగా టామీ నోరీ అంటారు. నేల బొరియలో ఒక్కటే గుడ్డు పెడుతుంది. సముద్రంలోంచి వచ్చేటప్పుడు ముక్కుకి అడ్డంగా సన్నటి చేపలు వేలాడుతుంటాయి, అచ్చం మన నెత్తళ్ళలాగే. వాటిని సాండ్ ఈల్ అంటారు. సముద్రం వేడెక్కి ఆ చేప తగ్గింది, దాంతో పఫిన్లూ తగ్గాయి. 2024లో స్కాట్లాండ్ ప్రభుత్వం తన జలాల్లో ఆ చేప వేట పూర్తిగా ఆపేసింది. పక్షుల నోటి దగ్గర కూడు తీయకూడదని ఒక ప్రభుత్వం అనుకుంది చూడండి, నాకు చాలా సంతోషమేసింది.

ఇప్పుడు మూసా సంగతి.

అది జనం లేని చిన్న దీవి. అక్కడ సుమారు రెండు వేల ఏళ్ళ నాటి రాతి బురుజు ఉంది, 13 మీటర్ల ఎత్తు. సున్నం లేదు, రాయి మీద రాయి పేర్చారంతే. జూన్‌లో అక్కడ రాత్రి పూర్తిగా చీకటి పడదు, పదకొండింటికి కూడా సంధ్య వేళలాగే ఉంటుంది. ఆ వేళ పడవలో తీసుకెళ్ళారు. బురుజు రాళ్ళ సందుల్లో స్టార్మ్ పెట్రెల్ అనే పక్షి గూడు పెడుతుంది. ఎంతుంటుందనుకున్నారు? పిచ్చుకంత, 25 గ్రాములు. చలికాలమంతా దక్షిణాఫ్రికా దాకా సముద్రాల మీద తిరిగి, గుడ్డు పెట్టడానికి ఈ గోడకే వస్తుంది. పగలు వస్తే పెద్ద పక్షులు మింగేస్తాయి, అందుకే చీకట్లో వస్తుంది. ఒకటి గుడ్డు మీద రెండు మూడు రోజులు తిండి లేకుండా కూర్చుంటే, రెండోది సముద్రం నుంచి వచ్చి దాన్ని విడిపిస్తుంది.

నేను గోడకి చెవి ఆనించాను. రాయి లోపల కుట్టు మిషను తొక్కుతున్నట్టు సన్నగా, ఆగకుండా చప్పుడు. మధ్యమధ్య ఒక ఎక్కిలి. రాతికి చేపనూనె వాసన. నా చెంపకి జానెడు దూరంలో ఒక ప్రాణి గుడ్డు మీద కూర్చుని మాట్లాడుతోంది. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి.

లైట్లు వెయ్యొద్దని పడవలోనే రెండుసార్లు చెప్పారు. అయినా నేను ఫోన్ తీసి సందులోకి టార్చి వేశాను. మనవడికి వీడియో చూపిద్దామని. సరిగ్గా అప్పుడే రెండోది లోపలికి రాబోయి, వెలుగు తగిలి, నా భుజం పక్కనుంచి తిరిగి సముద్రం మీదికి వెళ్ళిపోయింది. గైడ్ అమ్మాయి ఏమీ అనలేదు. వచ్చి ఫోన్ మీద అరచెయ్యి పెట్టింది, అంతే. లోపలి చప్పుడు ఆగిపోయింది. మేం పడవెక్కేదాకా అక్కడే నిలబడ్డాను, అది తిరిగి రావడం నా కంట పడలేదు. తెల్లారేలోగా వచ్చిందో, లోపలిది ఇంకో రోజు పస్తు ఉందో. ముప్పై ఏళ్ళు పక్షుల పాఠం చెప్పినదాన్ని. నాకు తెలిసీ చేశాను.

ఈ మాట మా అమ్మాయికి కూడా చెప్పలేదు. మీకెందుకు చెబుతున్నానంటే, మన శ్రీకాకుళం జిల్లాలో పక్షులు గూళ్ళు కట్టే తేలినీలాపురం ఉంది. ఇప్పుడు నవంబరు, గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు చెట్ల మీద గూళ్ళు కడుతున్న రోజులు. సైబీరియా నుంచి వచ్చాయంటారు, కాదు. అవి మన దేశపు పక్షులే. అతిథులు కాదు, ఇంటివాళ్ళు. ఆ చెట్ల కింద టపాసులు కాల్చడం, రీల్స్ కోసం చప్పట్లు కొట్టి లేపడం నా కళ్ళతో చూశాను. గూటి మీది పక్షి లేస్తే గుడ్డు మీద ఎండ పడుతుంది, కాకి ఎత్తుకుపోతుంది. అమ్మా, మీ పిల్లల్ని నేను తిట్టడం లేదు. వాళ్ళు చేసింది నేనూ చేశాను, అందుకే అడుగుతున్నాను.

ఈ ఆదివారం పొద్దున ఆరింటికి నేను వెళ్తున్నాను. వచ్చేవాళ్ళు లైబ్రేరియన్ గారి దగ్గర పేర్లు రాయించండి. నా దగ్గర రెండు బైనాక్యులర్లున్నాయి, వంతులవారీగా చూద్దాం. ఫోన్లు మాత్రం ఆటోలోనే ఉంచాలి. నాది కూడా.