ట్యూబు వెనక్కి తిప్పి చదవండి

[తెర మీద: విజయవాడ బీసెంట్ రోడ్డు, సాయంత్రం రద్దీ. తర్వాత మందుల షాపు కౌంటరు మీద చిన్న ట్యూబు, బాగా దగ్గరగా]

"పిల్ల కళగానే ఉంది, కాస్త రంగు తక్కువ." పెళ్లిచూపుల ముందు ఎవరో అన్న ఈ ఒక్క మాటకి ఎంతోమంది అమ్మాయిలు తెల్లబడదామని, డాక్టరు చీటీ లేకుండానే ఇలాంటి క్రీము ట్యూబు కొనేస్తున్నారు. అబ్బాయిలూ కొంటున్నారు.

[ట్యూబు వెనక వైపు]

ఎర్ర గీత కనిపిస్తోందా? డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందు ఇది. పక్కన చిన్న అక్షరాలు చదవండి. మొమెటసోన్, బీటామెథసోన్, క్లోబెటసోల్... ఏది ఉన్నా స్టెరాయిడే, అంటే చర్మం వాపు, దురద తగ్గించడానికి డాక్టరు రాసే బలమైన మందు. మొమెటసోన్‌తో హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్ అనే మందులు కలిసి ఉంటే, అది మంగు మచ్చలకి డాక్టరు కొద్ది వారాలపాటు రాసే మందు. ఇలాంటి పూతమందులు విచ్చలవిడిగా అమ్ముతున్నారనే, 2018లో కేంద్రం 14 స్టెరాయిడ్లను షెడ్యూల్ హెచ్‌లో, అంటే చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందుల జాబితాలో, కట్టుదిట్టం చేసింది.

మొదట్లో ముఖం నిజంగానే తేలుతుంది. స్టెరాయిడ్ వల్ల రక్తనాళాలు ముడుచుకుంటాయి, రంగు తయారీ తగ్గుతుంది. దాంతో నమ్మకం కుదిరిపోతుంది. నెలలు గడిచేసరికి చర్మం పల్చబడి బుగ్గల మీద ఎర్రటి సన్న గీతలు, మొటిమలు, నూగు వస్తాయి. మానేస్తే ముఖం కందిపోయి మండుతుంది, మళ్లీ రాస్తే చల్లబడుతుంది. చిక్కుకునేది ఇక్కడే. ఇందులో మీ తప్పేమీ లేదు, సిగ్గుపడకండి.

ట్యూబు పారేయకుండా చర్మవైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి. ఎన్ని నెలలు రాశారో ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఒక్కసారిగా ఆపాలా, మెల్లగా తగ్గించాలా అన్నది వాళ్లే తేలుస్తారు. ఈలోగా నిమ్మరసం, వంటసోడా, బ్లీచ్ ముఖానికి తగలనివ్వద్దు. వాసన లేని మాయిశ్చరైజర్ చాలు. పగలు ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్, రెండు వేళ్ల పొడవునా తీసుకుని ముఖానికి, మెడకి రాయండి. ఎండలో ఉంటే 2 గంటలకోసారి మళ్లీ రాయాలి. కోలుకోవడానికి నెలలు పట్టొచ్చు, కంగారు పడొద్దు.

[పై చేయి లోపలి వైపు, దగ్గరగా]

ఎండ తగలని ఈ చోటు చూసుకోండి. మీ చర్మం అసలు రంగు ఇదే. రంగు తయారుచేసే కణాల లెక్క అందరిలోనూ దాదాపు ఒకటే, అవి చేసే మెలనిన్ అనే రంగు పదార్థంలోనే తేడా. బెజవాడ మే నెల ఎండని కాస్తయినా కాచేది ఆ మెలనినే. అది ఎక్కువుందని బిడ్డని తక్కువ చేసి మాట్లాడటం ఎంత అన్యాయం!

అమ్మానాన్నలకి ఒక మాట. పెళ్లి బయోడేటాలో "రంగు" అన్న వరస కొట్టేయండి. ఫొటోకి ఫిల్టరు వేయించొద్దు. ఎవరైనా ఫోన్‌లో రంగు అడిగితే, పిల్ల వింటుండగానే "మా అమ్మాయి చామనఛాయండీ" అని గట్టిగా చెప్పండి.